భార్యకో భర్తకో వైకల్యం ఉంటే, ఆ పన్ను మినహాయింపును మీ రిటర్నులో వాడుకోవడం ఎలా?

జూన్ వచ్చిందంటే ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. "మా ఆవిడకి సదరం సర్టిఫికెట్ ఉంది, ఆమెకి ఆదాయం లేదు. ఆమెకి రావలసిన మినహాయింపు నా పేరు మీదకి మార్చుకోవచ్చా?" అని ఒకరు. "మా వారికి పక్షవాతం వచ్చి ఉద్యోగం మానేశారు, నేను టీచర్ని. ఆయన 80యూ నేను పెట్టుకోవచ్చా?" అని ఇంకొకరు. విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. మన చట్టంలో ఒకరి 80యూ మినహాయింపును ఇంకొకరికి బదిలీ చేసే ఏర్పాటు లేదు. 80యూ అనేది వైకల్యం ఉన్న వ్యక్తి తన సొంత ఆదాయం మీద తీసుకునేది. ఆదాయం లేకపోతే అది అక్కడే పోతుంది, వచ్చే ఏడాదికి కూడా రాదు. అయితే పోషించే భర్తకో భార్యకో చట్టం వేరే సెక్షన్ ఇచ్చింది. అదే 80డీడీ. మినహాయింపు మొత్తం 80యూలో ఉన్నంతే, సర్టిఫికెట్ కూడా అదే. క్లెయిమ్ చేసే మనిషి మాత్రం మారతారు. మీరు బదిలీ అని అడుగుతున్నది ఆచరణలో ఇదే.

మొత్తాలు ఇవి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే ఏడాదికి 75,000 రూపాయలు. 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయలు. ఇది మీ ఆదాయంలోంచి తగ్గించే మొత్తం, చేతికి వచ్చే డబ్బు కాదు. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే 1,25,000 మీద సెస్‌తో కలిపి 26,000 రూపాయల పన్ను తగ్గుతుంది.

ఇక్కడ రాసిన సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయం వరకు ఇవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి సెక్షన్, ఫారం నంబర్లు వేరుగా కనిపిస్తాయి. కంగారు పడకుండా పేరు చూసుకోండి. "ఆధారపడిన వైకల్యం గల వ్యక్తి పోషణ, వైద్యం" అన్న అర్థం వచ్చేది మీది. "వైకల్యం గల వ్యక్తి" అని మాత్రమే ఉంటే అది సొంతానికి తీసుకునేది.

దగ్గర ఉంచుకోవలసినవి

- వైకల్య ధ్రువపత్రం: సదరం సర్టిఫికెట్ గానీ, యూడీఐడీ కార్డుతో (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) వచ్చిన సర్టిఫికెట్ గానీ
- మీ పాన్, ఆధార్. మీ భార్య లేదా భర్త ఆధార్, పాన్
- యూడీఐడీ నంబర్, ఉంటే
- ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం కేసుల్లో ఫారం 10-ఐఏ
- మీ ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చేది)
- వైద్యం, ఫిజియోథెరపీ, అటెండెంట్, పరికరాల ఖర్చుకు మీ ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు చూపే కొన్ని బిల్లులు

బిల్లులన్నీ కూడి 75,000 చూపించాలని చాలామంది టెన్షన్ పడతారు. అవసరం లేదు. ఖర్చు ఎంతయినా మినహాయింపు మొత్తం స్థిరంగానే ఉంటుంది. ముప్పై వేలే అయినా 75,000 వస్తుంది, మూడు లక్షలైనా అంతే వస్తుంది. కానీ అసలు ఖర్చే పెట్టకుండా క్లెయిమ్ చేయడానికి ఈ సెక్షన్ ఒప్పుకోదు. రేపు ఎవరైనా అడిగితే చూపడానికి కొన్ని బిల్లులు దాచుకోమనేది అందుకే. మందుల షాపులో బిల్లు రోగి పేరు మీద రాయించుకోండి, డబ్బు మీ ఫోన్ నుంచి పంపండి. ఈ చిన్న అలవాటు చాలు.

1. అసలు మీకు లాభం ఉందో లేదో లెక్క చూడండి

సర్టిఫికెట్ కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగే ముందు చేయవలసిన పని ఇది. 80డీడీ, 80యూ రెండూ పాత పన్ను విధానంలోనే దొరుకుతాయి. కొత్త విధానంలో రావు. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్. అంటే మీరు ఏమీ ఎంచుకోకపోతే అందులోనే ఉంటారు.

జీతం 12,75,000 వరకు ఉండి, వేరే ఆదాయం లేకపోతే 2025-26కి కొత్త విధానంలో మీకు పన్నే లేదు. 80డీడీ కోసం పాత విధానానికి వెళ్లి కొత్తగా పన్ను తెచ్చుకోవడం ఎందుకు? ఇలాంటి కుటుంబాలు ఇక్కడే ఆగిపోవచ్చు. సర్టిఫికెట్ మాత్రం పింఛనుకు, బస్సు, రైలు రాయితీలకు, ఉద్యోగ రిజర్వేషన్లకు పనికొస్తుంది కాబట్టి దాన్ని వదులుకోకండి.

ఆ పైన జీతం ఉన్నవాళ్లు లెక్క వేసి తీరాలి. ఒక ఉదాహరణ. భర్త వయసు 60 లోపు, జీతం 15,00,000. భార్యకు 80 శాతం పైన వైకల్యం.

కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతం ఉన్న అందరికీ తగ్గించే మొత్తం) 75,000 పోగా 14,25,000. పన్ను 93,750, సెస్‌తో 97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద (పీఎఫ్, ఎల్ఐసీ వంటి పొదుపులు) 1,50,000, ఆరోగ్య బీమా 25,000, ఇంటి అద్దె మినహాయింపు 2,40,000, 80డీడీ 1,25,000 తీసేస్తే మిగిలేది 9,10,000. పన్ను 94,500, సెస్‌తో 98,280.

చూశారా, ఇన్ని మినహాయింపులు పెట్టినా పాత విధానంలోనే 780 రూపాయలు ఎక్కువ పడింది. వృత్తి పన్ను కింద కట్టే 2,400 ఇందులో తీయలేదు. అది తీసినా కొత్త విధానమే ఒక మూడు వందలు చవక.

ఇప్పుడు అదే వ్యక్తికి గుంటూరులో సొంతిల్లు ఉంది, హైదరాబాద్‌లో అద్దెకుంటూ ఉద్యోగం చేస్తున్నారు, ఆ ఇంటి లోన్ మీద ఏడాదికి 2,00,000 వడ్డీ కడుతున్నారు అనుకుందాం. పాత విధానంలో ఆదాయం 7,10,000కి దిగుతుంది. పన్ను సెస్‌తో 56,680. కొత్త విధానం కంటే 40,820 తక్కువ. 80డీడీ లేకపోతే ఇదే వ్యక్తి 82,680 కట్టాలి. ఇలాంటివాళ్లకు ఈ మినహాయింపు బంగారం.

ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే కాలిక్యులేటర్ ఉంది. రెండు విధానాల్లో మీ అంకెలు వేసి పక్కపక్కన పోల్చుకోండి. "పాతదే మంచిది", "కొత్తదే మంచిది" అని ఎవరో చెప్పింది పట్టుకోకండి. అది వాళ్ల జీతానికి చెప్పిన జవాబు.

2. సర్టిఫికెట్‌ను మళ్లీ చదవండి

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న కాగితాన్ని ఒకసారి బయటికి తీసి నాలుగు చోట్ల చూడండి.

శాతం: 40 కంటే తక్కువైతే ఈ మినహాయింపు రాదు. 38 శాతాన్ని 40గా సర్దుకోవడం కుదరదు. 79 శాతం ఉంటే 75,000 మాత్రమే. యూడీఐడీ కార్డు ఉంటే రంగు చూసినా తెలిసిపోతుంది. తెల్లది 40 లోపు, పసుపుది 40 నుంచి 80 లోపు, నీలం రంగుది 80, ఆ పైన.

శాశ్వతమా, తాత్కాలికమా: తాత్కాలికం అని ఉంటే గడువు తేదీ కూడా ఉంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సర్టిఫికెట్ గడువు ముగిసిన ఆర్థిక సంవత్సరానికి మినహాయింపు వస్తుంది, ఆ తర్వాతి సంవత్సరం నుంచి కొత్త సర్టిఫికెట్ లేకపోతే రాదు. ఉదాహరణకు గడువు 2025 ఆగస్టులో ముగిస్తే 2025-26కి ఇబ్బంది లేదు. 2026-27కి మళ్లీ పరీక్ష చేయించుకుని కొత్తది తెచ్చుకోవాలి.

పేరు: సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. రిటర్న్ అంతమాత్రాన ఆగదు గానీ, రేపు ఎవరైనా పరిశీలిస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. వీలైతే ముందే ఒకేలా చేయించండి.

ఎవరు ఇచ్చారు: ప్రభుత్వ వైద్యాధికారి లేదా మెడికల్ బోర్డు ఇచ్చినదై ఉండాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద "80 శాతం పక్షవాతం" అని రాసిచ్చినా అది వైకల్య ధ్రువపత్రం కాదు. ఆ రిపోర్టులు మెడికల్ బోర్డు ముందు చూపించడానికి పనికొస్తాయి, అంతవరకే.

సర్టిఫికెట్ ఇంకా లేకపోతే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఆన్‌లైన్ అలవాటు లేకపోతే మీసేవలో, ఆంధ్రాలో అయితే సచివాలయంలో అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు తేదీ ఇస్తారు. కదలలేని మనిషిని తీసుకెళ్లడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్లకే తెలుసు. కాబట్టి పాత రిపోర్టులు, స్కాన్లు, డిశ్చార్జ్ సమ్మరీలు, ఆధార్, ఫొటోలు అన్నీ ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి. ఒక కాగితం లేదని వెనక్కి పంపితే ఆ మనిషిని మళ్లీ తిప్పాల్సి వస్తుంది. మార్చి వరకు ఆగకుండా ఏడాది మొదట్లోనే ఈ పని మొదలుపెట్టండి. సర్టిఫికెట్ ఏడాది మధ్యలో వచ్చినా మినహాయింపును నెలల లెక్కన కోయరు, పూర్తిగా వస్తుంది.

3. ఆధారపడి ఉన్నారా అన్నది నిజాయితీగా చూసుకోండి

80డీడీలో ఆధారపడిన వారంటే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న భాగస్వామి ఈ జాబితాలో లేరు. అత్తమామలు కూడా లేరు.

వారు తమ పోషణకు మీ మీద పూర్తిగా గానీ ప్రధానంగా గానీ ఆధారపడి ఉండాలి అంటుంది చట్టం. ఇంత ఆదాయం దాటకూడదని అంకె ఇవ్వలేదు. కాబట్టి ఇక్కడ విచక్షణ కావాలి, నా అభిప్రాయం చెప్తాను. భార్య పేరు మీద డిపాజిట్ ఉండి ఏడాదికి ముప్పై, నలభై వేలు వడ్డీ వస్తుంటే ఆమె మీ మీద ప్రధానంగా ఆధారపడినట్టే. ఆమె ఉద్యోగం చేస్తూ తన జీతం తను తెచ్చుకుంటుంటే ఆధారపడినట్టు కాదు. అప్పుడు ఆమె తన రిటర్నులో 80యూ తీసుకోవాలి, మీరు కాదు.

మధ్యలో ఉండే కేసే చిక్కు. ఆమె పేరున ఉన్న ఇంటి మీద ఏడాదికి మూడు లక్షల అద్దె వస్తుంది. ఆ ఆదాయానికి ఏ విధానంలోనూ పన్ను పడదు కాబట్టి ఆమెకు 80యూ వల్ల ఉపయోగం లేదు. సరే నేను వాడుకుంటాను అంటారు భర్త. మూడు లక్షల సొంత ఆదాయం ఉన్న మనిషి ప్రధానంగా మీ మీద ఆధారపడ్డారని నిరూపించడం కష్టం. నేనైతే అలాంటి కేసులో పెట్టమని చెప్పను. ఎవరికీ వాడకం కాని మినహాయింపును ఎవరో ఒకరు వాడేసుకోవాలి అన్న ఆలోచనతోనే చాలా తప్పులు మొదలవుతాయి.

ఇంకో ముఖ్యమైన షరతు, క్లెయిమ్ చేసే మీరు ఆ ఏడాది పన్ను లెక్కల ప్రకారం భారత్‌లో నివాసి అయి ఉండాలి. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉంటూ ఇక్కడ అద్దె ఆదాయానికి రిటర్న్ వేసే ఎన్నారైలకు 80డీడీ రాదు, భార్య ఇక్కడే ఉన్నా సరే.

4. ఇద్దరిలో ఒక్కరే అని తేల్చుకోండి

భార్య 80యూ తీసుకున్న ఏడాదికి భర్త 80డీడీ తీసుకోకూడదు. చాలా ఇళ్లలో ఇది తెలియకుండానే జరుగుతుంది. డిపాజిట్ మీద బ్యాంకు కోసిన టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవడానికి భార్య పేరున ఎవరో రిటర్న్ వేస్తారు. అలవాటుగా అందులో 80యూ కూడా పెట్టేస్తారు. ఆమె ఆదాయానికి ఆ మినహాయింపు అవసరమే లేదు, అయినా పెట్టేశారు కాబట్టి మీ 80డీడీకి దారి మూసుకుపోయింది.

కాబట్టి మీ రిటర్న్ వేసే ముందు ఆమె లాగిన్‌లోకి వెళ్లి ఈ ఏడాది రిటర్న్ వేశారా, అందులో 80యూ గడిలో ఏమైనా ఉందా చూడండి. ఉంటే, రివైజ్డ్ రిటర్న్ గడువు ఇంకా ఉన్నప్పుడే ఆమె రిటర్న్ సవరించి 80యూ తీసేయించండి. ఆ తర్వాతే మీది వేయండి. ఇద్దరి రిటర్నులూ ఒకే మనిషి చూస్తే ఈ చిక్కు రాదు.

5. ఆఫీసులో ముందే చెప్పండి

ఉద్యోగులైతే పాత విధానం ఎంచుకుంటున్నట్టు ఏడాది మొదట్లోనే జీతాల విభాగానికి చెప్పండి. జనవరి ప్రాంతంలో ఆధారాలు అడిగినప్పుడు ఫారం 12బీబీలో 80డీడీ చూపి, సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి. ప్రభుత్వ ఉద్యోగులు తమ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీవో) ఇస్తే సరిపోతుంది.

కొన్ని ఆఫీసులు దీన్ని తీసుకోవు, లేదా మీరే మరిచిపోతారు. అప్పుడు టీడీఎస్ ఎక్కువ కోస్తారు. అంతే, హక్కు పోదు. ఆఫీసు కొత్త విధానంలో టీడీఎస్ కోసినా, జీతం ఉన్నవాళ్లు గడువులోపల వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకుని 80డీడీ పెట్టుకోవచ్చు, ఎక్కువ కోసింది రిఫండ్‌గా వస్తుంది. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవారు మాత్రం పాత విధానం కోసం గడువులోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. వారికి ఏటా అటూ ఇటూ మారే వెసులుబాటు లేదు కాబట్టి ఆడిటర్‌ని అడిగాకే నిర్ణయం తీసుకోండి.

6. ఫారం 10-ఐఏ అందరికీ కాదు

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారి విషయంలోనే ఈ ఫారం కావాలి. న్యూరాలజీలో ఎండీ చేసిన డాక్టర్ గానీ, ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ ధ్రువీకరించాలి. ఆ వివరాలతో పోర్టల్‌లో ఈ-ఫైల్ కింద ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారమ్స్‌లోకి వెళ్లి దీన్ని సమర్పించాలి. రిటర్న్ వేయడానికి ముందే ఇది అయిపోవాలి, ఎందుకంటే రిటర్నులో దీని అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, తేదీ అడుగుతారు.

చూపు, వినికిడి, కాళ్లు చేతుల కదలిక వంటి మిగతా వైకల్యాలకు ఈ ఫారం అక్కర్లేదు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ చాలు. లేని ఫారం కోసం తిరిగి అలసిపోకండి.

7. రిటర్నులో నింపడం

ఐటీఆర్-1 అయినా, 2 అయినా పద్ధతి ఒకటే.

ముందుగా పన్ను విధానం ప్రశ్న వస్తుంది. కొత్త విధానం వద్దు అనుకుంటున్నారా అన్న ధోరణిలో ఉంటుంది. పాత విధానం కావాలంటే అక్కడ అవును అనాలి. ప్రశ్న తిరగేసినట్టు ఉంటుంది కాబట్టి నిదానంగా రెండుసార్లు చదివి టిక్ పెట్టండి. ఇక్కడ తప్పు పెడితే కింద 80డీడీ తెరుచుకోదు, మీరేమో సైటు పనిచేయడం లేదనుకుంటారు.

తర్వాత మినహాయింపుల భాగంలో 80డీడీ ఎంచుకోండి. 80యూ కాదు. మళ్లీ చెప్తున్నాను, 80యూ అంటే "నాకే వైకల్యం ఉంది" అని మీరు చెప్పినట్టు. సర్టిఫికెట్ భార్యది, క్లెయిమ్ భర్త వైకల్యం కింద. నేను చూసే తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. మొత్తం రెండిటికీ ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

80డీడీ షెడ్యూలులో ఇవి అడుగుతారు:

- వైకల్యమా, తీవ్ర వైకల్యమా (80 శాతం, ఆ పైన ఉంటేనే తీవ్రం)
- వైకల్యం రకం: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యమా, ఇతరమా
- ఆధారపడిన వ్యక్తి మీకు ఏమవుతారు (భార్య లేదా భర్త అన్న ఆప్షన్ ఎంచుకోండి)
- ఆ వ్యక్తి పాన్, ఆధార్
- ఫారం 10-ఐఏ వివరాలు, వర్తిస్తే
- యూడీఐడీ నంబర్, ఉంటే

పాన్, ఆధార్ గడుల్లో మీ నంబర్లు కాకుండా ఆమెవి వేయాలి. చూస్తే చిన్న విషయం, కానీ తొందరలో సొంత ఆధార్ నంబర్ కొట్టేసేవాళ్లు చాలామంది. సర్టిఫికెట్ ఫొటో రిటర్నుకు జత చేయడానికి చోటు ఉండదు, అది మీ దగ్గరే భద్రంగా ఉండాలి.

చివరగా ప్రివ్యూలో మొత్తం మినహాయింపుల వరుస చూడండి. 75,000 లేదా 1,25,000 అక్కడ కలిసిందో లేదో అంకె కూడి చూసుకుని మరీ సమర్పించండి.

8. 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయండి

రిటర్న్ వేసి ఊరుకుంటే సరిపోదు. ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. ఆ గడువు దాటాక చేస్తే, చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. ఆ రోజు రిటర్న్ గడువు తర్వాతిదైతే అది గడువు దాటిన రిటర్న్ అయిపోతుంది. గడువు దాటిన రిటర్నులో పాత విధానం దొరకదు, పాత విధానం లేకపోతే 80డీడీ లేదు. ఒక్క ఓటీపీ మరిచిపోయినందుకు ఏడాది మినహాయింపు మొత్తం పోతుంది. రిటర్న్ వేసిన రోజే, అదే కుర్చీలో కూర్చుని వెరిఫై చేసేయండి.

అదే కారణంతో రిటర్న్ గడువు, సాధారణంగా జూలై 31, దాటనివ్వకండి. తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకుందాంలే అనుకోవద్దు. దాన్ని రిఫండ్ తెచ్చుకోవడానికి గానీ పెంచుకోవడానికి గానీ వాడనివ్వరు.

జనం తరచూ కలిపేసే మరికొన్ని

క్యాన్సర్, కిడ్నీ ఫెయిల్యూర్ వంటి జబ్బుల వైద్య ఖర్చుకు వేరే సెక్షన్ ఉంది, 80డీడీబీ. అందులో అసలు ఖర్చు ప్రకారం 40,000 వరకు, వృద్ధులకు 1,00,000 వరకు వస్తుంది, బీమా నుంచి వచ్చింది తీసేయాలి. పేరులో ఒక్క అక్షరమే తేడా కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేస్తుంటారు. డయాలసిస్ చేయించుకుంటున్నంత మాత్రాన 80డీడీ రాదు, వైకల్య ధ్రువపత్రం ఉండాలి.

ఆరోగ్య బీమా ప్రీమియం 80డీ కింద వేరుగా తీసుకోవచ్చు. 80డీడీ తీసుకున్నందుకు అది పోదు.

వైకల్యం గల వ్యక్తి కోసం ఎల్ఐసీ లాంటి సంస్థల నిర్దిష్ట పథకంలో కట్టిన డబ్బు కూడా 80డీడీలోకే వస్తుంది, అదే గరిష్ఠ మొత్తంలో. వైద్య ఖర్చు, పాలసీ రెండూ ఉన్నా రెట్టింపు కాదు. మామూలు జీవిత బీమా పాలసీ ఇందులోకి రాదు.

"సర్టిఫికెట్ లేకపోయినా పర్లేదు, నేను 80డీడీ పెట్టి రిఫండ్ తెప్పిస్తా, అందులో నాకింత" అనేవాళ్లు ఊరూరా ఉన్నారు. దయచేసి వినకండి. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ బోగస్ మినహాయింపుల మీద దేశమంతటా తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలిచ్చి తగ్గించిన పన్ను మీద 200 శాతం వరకు జరిమానా పడవచ్చు. నోటీసు మీ పాన్ మీద వస్తుంది, అప్పటికి ఆ మనిషి ఫోన్ ఎత్తడు. నిజంగా వైకల్యంతో బతుకుతున్న కుటుంబాలను ఒకటికి పది కాగితాలు అడగడానికి కారణం కూడా ఇలాంటి దొంగ క్లెయిములే.

9. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రిటర్న్ ప్రాసెస్ అయ్యాక సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ మెయిల్ వస్తుంది. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మీ పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెలు, మధ్యలో ఖాళీ లేకుండా.

అందులో రెండు నిలువు వరుసలుంటాయి. ఒకటి మీరు రిటర్నులో చూపింది, రెండోది శాఖ లెక్కించింది. రిఫండ్ వచ్చిందా లేదా అని చివరి పేజీకి వెళ్లిపోకుండా మినహాయింపుల దగ్గర 80డీడీ వరుస చూడండి. రెండు వైపులా ఒకే అంకె ఉంటే అయిపోయినట్టే. శాఖ వైపు సున్నా ఉంటే మూడు చోట్ల వెతకండి: పన్ను విధానం ఏది పడింది, రిటర్న్ గడువులోపే వెరిఫై అయ్యిందా, 80డీడీ షెడ్యూలులో ఏదైనా గడి ఖాళీగా వదిలారా.

కొన్నిసార్లు ఇంటిమేషన్‌కు ముందే సవరణ ప్రతిపాదిస్తూ నోటీసు వస్తుంది. దానికి 30 రోజుల్లో ఈ-ప్రొసీడింగ్స్‌లో జవాబివ్వాలి. మౌనంగా ఉంటే వాళ్ల లెక్కే ఖరారవుతుంది. మీ క్లెయిమ్ సరైనదైతే ఒప్పుకోవడం లేదు అని ఎంచుకుని, సర్టిఫికెట్ స్కాన్, పెళ్లి సంబంధం తెలిపే ఆధారం, కొన్ని బిల్లులు జత చేయండి. రెండు మూడు వాక్యాల్లో రాయండి: ఫలానా వారు నా భార్య, వైకల్యం ఇంత శాతం, పోషణ నాదే, ఆమె 80యూ తీసుకోలేదు. అంతకంటే పెద్ద లేఖ అవసరం లేదు.

మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ పోర్టల్‌లో మీవేనా, రిటర్న్ వేసిన కన్సల్టెంట్‌వా అన్నది కూడా ఈరోజే చూడండి. నోటీసు ఆయన మెయిల్‌కి వెళ్లి, 30 రోజులు గడిచాక మీకు తెలియడం నిజంగా జరుగుతున్న విషయం. ప్రొఫైల్‌లోకి వెళ్లి మీ సొంత నంబర్, మెయిల్ పెట్టుకోండి. సర్టిఫికెట్, బిల్లులు, ఇంటిమేషన్ మూడూ ఏడాదికో ఫైలుగా దాచుకుంటే వచ్చే ఏడాది ఈ పనంతా ఒక గంటలో తేలిపోతుంది.